ప్లాన్‌లో 40, ట్రేలో 29

బెంగళూరు పీణ్యలో మా షెడ్డు గోడకు ఒక వైట్ బోర్డు ఉంది. పొద్దున ఎనిమిదిన్నరకు ఏ మిషన్‌కు ఏ జాబ్, షిఫ్టుకు ఎన్ని పీసులు అని దాని మీద రాసేది నేనే. మధ్యాహ్నానికి సగం చెరిపి మళ్లీ రాసేదీ నేనే. హిందూపురం నుంచి వచ్చి ఈ ప్లానింగ్ పనిలో పడి ఏడేళ్లయింది. అందులో మొదటి ఆరేళ్లు నేను రాసిన ప్లాన్ పట్టుమని వారం కూడా నిలబడలేదు.

లెక్క చూస్తే తప్పేమీ కనిపించదు. ఒక హౌసింగ్‌కు (పెట్టెలాంటి లోహపు భాగం) వీఎంసీలో, అంటే ప్రోగ్రామ్ ప్రకారం లోహాన్ని కోసే మిషన్‌లో, 12 నిమిషాల సైకిల్, షిఫ్టు అంటే 480 నిమిషాలు, కాబట్టి 40 పీసులు. సాయంత్రం ట్రేలో చూస్తే 28, 29, మహా అయితే 31. నేను ఆపరేటర్లను అనేవాణ్ణి, వాళ్లు టూల్స్ మీద తోసేవాళ్లు, ఓనర్ గారు మాత్రం అందరినీ వదిలేసి నన్నే పట్టుకునేవారు.

తుమకూరు రోడ్డులో ఉన్న బీఐఈసీ ఎగ్జిబిషన్ సెంటర్‌లో ఇమ్‌టెక్స్ అనే మిషన్ల ఎగ్జిబిషన్ జరిగినప్పుడు ఓనర్ గారు వెళ్లొచ్చి, మన మిషన్లకూ సెన్సర్లు పెడదాం, ఫోన్‌లో అన్నీ కనిపిస్తాయట అన్నారు. కొత్త మిషన్లయితే నెట్‌వర్క్ కేబుల్ తగిలిస్తే కంట్రోలర్ తనే చెబుతుంది. మావి అంత భాగ్యం లేని పాతవి. అందుకని కరెంటు తీగ చుట్టూ బిగించి ఎంత కరెంటు పోతోందో కొలిచే సీటీ క్లాంపులు, ఆ రీడింగు పంపడానికి చిన్న వైఫై బోర్డులు కొని మేమే మొదలుపెట్టాం. ఖర్చు తక్కువే, తలనొప్పి మాత్రం బాగానే ఎక్కువ.

మొదటిరోజు రీడింగు సున్నా. మిషన్ గిర్రున తిరుగుతోంది, స్క్రీన్ మీద సున్నా. రెండు గంటలు తల పట్టుకున్నాక ఎలక్ట్రీషియన్ అన్న వచ్చి నవ్వాడు. మేము మూడు ఫేజులూ ఉన్న మొత్తం కేబుల్‌ను కలిపి క్లాంపులో పెట్టాం. మూడు ఫేజుల కరెంట్లూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి కాబట్టి బయటికి ఏమీ కనిపించదు, ఒక్క ఫేజు తీగనే పట్టుకోవాలి. అది సరిచేశాక ఇంకో వింత, మిషన్ ఖాళీగా ఉన్నా రన్నింగ్ అని చూపిస్తోంది. ఏమిటా అంటే హైడ్రాలిక్ పంపు, కూలెంట్ మోటారు లాగే కరెంటు. చివరికి క్లాంపును స్పిండిల్ డ్రైవ్‌కు వెళ్లే తీగకు మార్చి, మిషన్ మీద ఉండే రంగుల లైట్ల స్తంభం, టవర్ ల్యాంప్‌లో పచ్చ లైటు సిగ్నల్ కూడా కలిపాం. రెండూ ఉంటేనే కటింగ్ నడుస్తున్నట్టు.

ఇంకోటి చెప్పకపోతే బాగుండదు. ఒకరోజు కరెంటు పోయి వచ్చాక రిపోర్టులో ఒక మిషన్ 1970 జనవరి 1న పీసులు తీసినట్టు వచ్చింది. ఓనర్ గారు అప్పటికి ఇంకా పుట్టలేదు. ఆ వైఫై బోర్డులో గడియారానికి బ్యాటరీ లేదు, కరెంటు పోతే లెక్కను మొదటి తేదీ నుంచి మొదలుపెడుతుంది. రెండు వందల రూపాయలు కూడా కాని చిన్న గడియారం ముక్క పెడితే ఆ బాధ పోయింది. డేటా పంపడానికి ఎంక్యూటీటీ అనే మెసేజింగ్ పద్ధతి వాడాం. అది 1999లో ఆయిల్ పైపులైన్ల మీద నిఘాకోసం, శాటిలైట్ లింకుల లాంటి బలహీనమైన లైన్ల మీద పనిచేయడానికి పుట్టింది. మా రేకుల షెడ్డులో వైఫై కూడా ఇంచుమించు ఎడారి సిగ్నలే కాబట్టి సరిగ్గా సరిపోయింది.

అసలు గొడవ మనుషులతో. మడకశిర నుంచి వచ్చే పెద్దాయన ఒకరు, మా దగ్గర అందరికంటే సీనియర్ సెట్టర్ (కొత్త జాబ్‌కు మిషన్‌ను సిద్ధం చేసేవాడు), క్లాంపు బిగిస్తుంటే పక్కన నిలబడి, "ఏం నాయనా, మేము ఒంటికి పోయినా ఇది లెక్క రాస్తాదా?" అన్నాడు. "రాయదు మామా, మిషన్ ఆగిందా లేదా అంతే" అన్నాను. "మిషన్ ఆగితే మేమేగా దొంగలం" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ రోజే ఓనర్ గారిని అడిగి, మనుషుల పేర్లు ఎక్కడా రాకూడదు, మిషన్ నంబరే ఉండాలి అని ఒప్పించాను. ఈ మొత్తం వ్యవహారంలో నేను చేసిన మంచిపని అదొక్కటే అనుకుంటా.

మూడు వారాల డేటా చూశాక నాకే సిగ్గేసింది. దొంగ దొరికాడు, వాడు నా ఎక్సెల్‌లోనే ఉన్నాడు. ఆ 12 నిమిషాలు ప్రోగ్రామ్ నడిచే సమయం మాత్రమే. తలుపు తీసి, చిప్స్ గాలితో కొట్టి, పీసు దించి, ఇంకోటి బిగించడానికి మరో రెండున్నర నిమిషాలు. అంటే పద్నాలుగున్నర. టీలు, భోజనం యాభై నిమిషాలు తీసేస్తే మిగిలేది 430. భాగించి చూడండి, 29. వాళ్లు ఆరేళ్లుగా ఇవ్వాల్సినంతే ఇస్తున్నారు, నేను ఆరేళ్లుగా లేని 11 పీసులు అడుగుతున్నాను.

సెట్టింగ్ సంగతి ఇంకా ఘోరం. జాబ్ మార్చడానికి గంట అని రాసుకునేవాణ్ణి. పీసును పట్టి ఉంచే ఫిక్స్‌చర్ మార్చడం నిజంగా గంటలోపే అయిపోతోంది. తర్వాత ఫస్ట్ పీస్ తీసుకుని క్వాలిటీ రూముకు వెళితే అక్కడ క్యూ, ఎందుకంటే పొద్దున్నే అన్ని మిషన్లకూ జాబ్ మార్చమని బోర్డు మీద రాసింది నేనే, చూసే ఇన్‌స్పెక్టర్ ఒక్కడు. ఇప్పుడు ఒక్కో మిషన్‌కు గంటన్నర ఎడంగా మార్పులు రాస్తున్నాను, ఒకే ఫిక్స్‌చర్ జాబులు వరసగా పెడుతున్నాను. కొత్త మిషన్ కొనకుండానే ఊపిరాడింది.

డ్యాష్‌బోర్డు అమ్మేవాళ్లు ఓఈఈ అని, మిషన్‌ను ఎంత బాగా వాడుకున్నామో చెప్పే ఒక శాతం చూపిస్తారు, 85 దాటితే ప్రపంచ స్థాయి అంటారు. నాకు దానిమీద పెద్ద గురి లేదు. మా దగ్గర అన్ని పనులూ గ్రైండింగ్ దగ్గర ఆగుతాయి, దాని ముందున్న వీఎంసీని 85 శాతం పరుగెత్తిస్తే గ్రైండర్ ముందు ట్రేల గుట్ట పెరుగుతుంది, అంతే. నాకు అంతకంటే పనికొచ్చింది లిటిల్స్ లా, 1961లో జాన్ లిటిల్ నిరూపించిన చిన్న లెక్క. షెడ్డులో 600 పీసులు పని పూర్తికాకుండా ఉండి, రోజుకు 60 బయటికి పోతుంటే, ఇవాళ లోపలికి వచ్చిన పీసు సగటున పదిరోజులకు బయటపడుతుంది. ఓనర్ గారు కస్టమర్‌కు ఫోన్‌లో నాలుగు రోజులు అని చెప్పేటప్పుడు ఇప్పుడు ముందు నా మొహం చూస్తున్నారు.

ఒక చిక్కు మాత్రం మిగిలింది. మిషన్ ఆగిందని సెన్సర్ చెబుతుంది, ఎందుకాగిందో చెప్పదు. మొదట ట్యాబ్లెట్‌లో 14 కారణాల లిస్టు పెట్టాను, అందరూ పైనున్నదే నొక్కారు. ఆ లెక్కన నెలంతా మా దగ్గర టూల్స్ విరిగాయి. ఆ ట్యాబ్లెట్ తీసేసి ప్రతి మిషన్ పక్కన నాలుగు బటన్లు పెట్టాం: టూల్, మెటీరియల్, ఇన్‌స్పెక్షన్, రిపేర్. పోయిన వారం మడకశిర మామ వచ్చి ఐదో బటన్ కావాలన్నాడు.

"దేనికి మామా?"

"ఓనర్ పిలిస్తే పోతాం కదా, ఆ టైము ఎవరి ఖాతాలో రాస్తారు?"

పెట్టేశాం, ఎర్ర రంగుది. రిపోర్టులో దాని పేరు 'ఆఫీసు పిలుపు'. ఓనర్ గారు ఇంకా ఆ కాలమ్ చూడలేదు.