హార్మోన్ వెయ్యని ప్లేటు

ల్యాబ్‌లో చేరిన కొత్తలో నాకిచ్చిన ప్రయోగం చాలా మామూలుది. ఎంసీఎఫ్-7 అనే రొమ్ము క్యాన్సర్ కణాల్ని రెండు ప్లేట్లలో పెంచి, ఒకదాంట్లో ఈస్ట్రాడయాల్ (ఈస్ట్రోజెన్ రకం హార్మోన్) వేసి, రెండోదాన్ని అలాగే వదిలేసి, 24 గంటల తర్వాత ఆ హార్మోన్‌కి స్పందించే టీఎఫ్ఎఫ్1 జన్యువు ఎంత పనిచేస్తోందో కొలవాలి. హార్మోన్ వేసిన దాంట్లో బాగా పెరగాలి కదా, నాకు రెండింట్లోనూ దాదాపు ఒకేలా వచ్చింది. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ అంతే. టెన్షన్ పట్టుకుంది.

చివరికి చూస్తే లోపం కణాల్లో లేదు, అవి పెరగడానికి నేను పోస్తున్న పోషక ద్రవంలో, అంటే మీడియంలో ఉంది. దానికి ఆ గులాబీ రంగు ఫినాల్ రెడ్ అనే రంగు పదార్థం వల్ల వస్తుంది. మీడియం పులిస్తే పసుపు రంగుకి తిరుగుతుంది, అందుకే కలుపుతారు. అది ఈ కణాల మీద ఈస్ట్రోజెన్‌లా పనిచేస్తుందని 1986లోనే రాశారు (అసలు కారణం రంగు కాదు, అందులోని మలినం అని తర్వాత తేలింది). పశువుల రక్తం నుంచి తీసి మీడియంలో కలిపే సీరంలో ఎలాగూ హార్మోన్లుంటాయి. అంటే మూత మీద "హార్మోన్ లేదు" అని రాసిన ప్లేటుకి నా చేత్తో నేనే హార్మోన్ పోస్తూ వచ్చాను! రంగు లేని మీడియం, బొగ్గుపొడితో హార్మోన్లు తీసేసిన సీరం వాడి, మూడు రోజులు ఆగి మళ్లీ చేస్తే తేడా స్పష్టంగా కనిపించింది.

ఈ కణాలకి ఎంత తక్కువ చాలో చూడండి: ఒక నానోమోలార్ ఈస్ట్రాడయాల్ చాలు, అది లీటరుకి 0.3 మైక్రోగ్రాము కూడా ఉండదు. ఈస్ట్రాడయాల్ వెళ్లి, కణంలో దాన్ని పట్టుకునే ప్రోటీన్ అయిన రిసెప్టర్‌లోని గుంటలో కూర్చోగానే హెలిక్స్ 12 అనే చిన్న మెలిక దాని మీద మూతలా పడుతుంది, అప్పుడే జన్యువుల్ని చదివించే ప్రోటీన్లు వచ్చి అతుక్కుంటాయి. రొమ్ము క్యాన్సర్ మందు టామాక్సిఫెన్ కూడా అదే గుంటలో దూరుతుంది, కానీ దాని తోక బయటికి పొడుచుకుని ఉండడంతో మూత పడదు. అదే మందు గర్భాశయంలో మాత్రం కొంతవరకు ఈస్ట్రోజెన్‌లాగే పనిచేస్తుంది, ఎందుకంటే అక్కడ రిసెప్టర్ చుట్టూ చేరే ప్రోటీన్లు వేరు.

నన్ను ఇప్పటికీ వదలనిది ఇంకొకటుంది. అరోమటేజ్ నిరోధకాలతో ఈస్ట్రోజెన్ తయారీని ఆపేసిన కొంతమంది రోగుల్లో, వ్యాధి వేరే చోటికి పాకాక, రిసెప్టర్ జన్యువు మారి, ఆ ప్రోటీన్‌లో 537 లేదా 538వ అమైనో ఆమ్లం వేరేదైపోతుంది. అప్పుడు హార్మోన్ లేకుండానే మూత పడిపోయి ఉంటుంది. నా ప్లేటులో హార్మోన్ దొంగచాటుగా వచ్చింది, కాబట్టి తీసెయ్యగలిగాను. ఇక్కడ తీసెయ్యడానికి హార్మోనే లేదు. అందుకే ఇక్కడ ఫుల్వెస్ట్రాంట్ లాంటి మందులు పనికొస్తాయి, అవి రిసెప్టర్‌నే కణం చేత ముక్కలు చేయిస్తాయి.