ఆ 'ఎ' మన 'ఎ' కాదు

రాత్రి బాబాయ్ ఫోన్ చేశాడు, "ఒరేయ్, బ్యాంకు వాళ్లు లింకు పంపారు, కేవైసీ చేయమంటున్నారు, పేరు కరెక్టే కదా?" అని. స్క్రీన్‌షాట్ చూస్తే ఒక్క అక్షరం తేడా లేదు, నేనైతే నొక్కేసేవాడినే. ఎందుకో అనుమానం వచ్చి లింకు తెప్పించుకుని ల్యాప్‌టాప్‌లో పేస్ట్ చేస్తే, అడ్రస్ బార్‌లో పేరు కాస్తా 'ఎక్స్ ఎన్', పక్కన రెండు అడ్డగీతలు, ఏవో పిచ్చి అక్షరాలుగా మారిపోయింది.

విషయం ఏంటంటే, అందులో ఒక 'ఎ' ఇంగ్లిష్‌ది కాదు, రష్యన్ రాసే సిరిలిక్ లిపిది. కంటికి కవలలే, కంప్యూటర్‌కి మాత్రం యూనికోడ్‌లో, అంటే ప్రతి అక్షరానికీ ఒక నంబరు ఇచ్చే పట్టికలో, ఒకటి 0061, ఇంకోటి 0430. ఒకే పేరులో రెండు లిపులు కలిశాయి కాబట్టి బ్రౌజర్ పట్టేసి అలా మార్చి చూపించింది. ప్రతిసారీ పట్టుకోలేదు. 2017లో ఒక పరిశోధకుడు యాపిల్ పేరు మొత్తాన్నీ సిరిలిక్ అక్షరాలతోనే రాసి సైటు పెడితే, క్రోమ్, ఫైర్‌ఫాక్స్ అసలు పేరులాగే చూపించాయి, తాళం గుర్తుతో సహా! క్రోమ్ ఆ తర్వాత సరిచేసుకుంది.

మనకూ ఈ తంటా ఉంది. మన 'ల', 'ర' పక్కన కన్నడ 'ల', 'ర' పెట్టి చూడండి. అంతెందుకు, తెలుగు అంకె ౦, 'అం'లో ఉన్న సున్నా కూడా వేర్వేరు అక్షరాలే.

ఇదంతా ఓపిగ్గా చెప్తే బాబాయ్ అడిగింది ఒక్కటే, "అంటే ఆ 'ఎ' రష్యా నుంచి వచ్చిందా?" లింకు డిలీట్ చేశాడో లేదో ఇంకా చెప్పలేదు.