అనంతపురంలో కూర్చుని ఓడల వేట

2020 అక్టోబరులో వాయుగుండానికి కొట్టుకొచ్చి విశాఖ తెన్నేటి పార్కు దగ్గర ఒడ్డుకెక్కిన బంగ్లాదేశ్ ఓడను చూసొచ్చాక పట్టుకుంది నాకీ పిచ్చి, ఉపగ్రహ చిత్రాల్లో మునిగిన ఓడల్ని వెతకడం. "ఏమప్పా, పెన్నలోనే నీళ్లు లేవు, నువ్వు ఓడలు వెతుకుతాండావా?" అని పక్కింటాయన ఇప్పటికీ ఏడిపిస్తాడు.

కన్ను అలవాటు కావాలని ముందు తెలిసిన ఓడనే చూశాను. సూడాన్ తీరంలో వింగేట్ పగడపు దిబ్బ మీద 2003లో మునిగిన జాసిమ్. ఎర్ర సముద్రం నీళ్లు తేట కాబట్టి గూగుల్ ఎర్త్‌లో ఓడ ఆకారం చక్కగా తెలుస్తుంది. ఆ ధైర్యంతో మన తూర్పు తీరం మీద పడ్డాను. కృష్ణా గోదావరులు తెచ్చే ఒండ్రుకి నీళ్లు టీ రంగులో ఉంటాయి. రెండు వారాలు రాత్రి పదకొండు దాకా కూర్చున్నా అలల నురగ తప్ప ఏమీ లేదు.

బురద నీళ్లలోనూ ఒక దారి ఉందట. మునిగిన ఓడ దగ్గర లేచిన ఒండ్రు ఆటుపోట్ల వెంట తోకలా సాగుతుంది. బెల్జియం తీరంలో ల్యాండ్‌శాట్ 8 ఉపగ్రహ చిత్రాలతో దీన్ని గుర్తుపట్టి 2016లో ప్రచురించారు. నేనూ చూశాను. నాకు ప్రతి మేఘం నీడా తోకలాగే కనిపించింది!

గుజరాత్‌లో ఒకేచోట డజన్లకొద్దీ ఓడలు ఒడ్డెక్కి కనిపించేసరికి గుండె ఆగినంత పనైంది. తీరా చూస్తే అది అలంగ్, పాత ఓడల్ని విడగొట్టే చోటు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

నాకు పనికొచ్చింది పాత తేదీల చిత్రాలే. తిరిగే ఓడైతే తర్వాతి తేదీకి అక్కడ ఉండదు కదా. సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు ఉచితం, కానీ ఒక్కో చుక్క పది మీటర్లు. ఎనభై మీటర్ల ఓడైనా ఎనిమిది చుక్కలే. అయినా ఐదు రోజులకోసారి కొత్త చిత్రం వస్తుంది. అరేబియా సముద్రంలో నేను పట్టిన మొదటి 'ఓడ' ఆరు తేదీల్లోనూ అక్కడే ఉంది. మా ఆవిడకు కూడా చూపించాను. "ఒకసారి ఇటు తిరిగింది, ఒకసారి అటు తిరిగింది, మునిగింది ఎట్లా తిరుగుతుంది?" అంది. నిజమే, లంగరేసిన ఓడ గాలికీ ఆటుపోట్లకీ తిరుగుతూ ఉంటుంది. ఆ మాట నాకు తట్టనే లేదు.

అప్పట్నుంచి ముక్కు ఎటుందో కూడా రాసుకుంటున్నాను. అలా నిలబడింది ఒక్కటే, ఎర్ర సముద్రంలో ఒక దిబ్బ అంచున, అరవై మీటర్లు, ఎనిమిది చిత్రాల్లోనూ ముక్కు ఒకే వైపు. టెన్షన్‌తో నావికుల చార్టు తెరిచాను. సరిగ్గా అక్కడే చేప ముల్లులాంటి చిన్న గీత ఉంది. మునిగిన ఓడకు వాళ్లు వేసే గుర్తు అది.

అంటే అది ముందే తెలిసిన ఓడే. మ్యాప్‌లో అక్కడ గుచ్చిన పిన్ రంగు మార్చి పడుకున్నాను. ఇంకా ఏమిటో తేలని నాలుగు పసుపు పిన్నులు మిగిలాయి. వాటిలో రెండింటి మీద ఎప్పుడు చూసినా మేఘమే.