‘గీతలు కనబడటం లేదు’ అన్నప్పుడు

“గీతలు కనబడటం లేదు, లావు చేసి పంపండి.” పరాయి దేశపు ఆఫీసులో పై అధికారి ఈ ఒక్క ముక్కతో ఎక్సెల్ షీటు తిప్పి పంపితే మనవాళ్లకి ముందు వచ్చేది ఉక్రోషమే. లెక్క సరిపోయింది, ఫార్ములా ఒక్కటీ తప్పలేదు, తప్పు పట్టడానికి గీతే దొరికిందా అని. పైగా గీతల విషయంలో మనం లోటు చేసేవాళ్లం కాదు. ‘ఆల్ బోర్డర్స్’ నొక్కనిదే షీటు చేయి దాటదు. చిక్కంతా అక్కడే: అన్ని గడులకీ ఒకే గీత ఉంటే మొత్తాల వరస ఎక్కడుందో కంటికి ఆనదు. వాళ్లడిగేది బయటి చట్రమూ, మొత్తం వరసా లావుగా ఉండాలని.

తెర మీద బూడిదరంగులో కనిపించేవి గ్రిడ్‌లైన్లు, బోర్డర్లు కావు. ‘పేజ్ లేఅవుట్’లో గ్రిడ్‌లైన్ల కింద ‘ప్రింట్’ టిక్ పెట్టకపోతే అవి కాగితం మీదికి రావు. వచ్చినా వాటిని లావు చేయలేం.

ఎక్సెల్‌లో కావలసిన గడులు ఎంచుకుని కంట్రోల్, 1 కలిపి నొక్కండి. ‘ఫార్మాట్ సెల్స్’ తెరుచుకుంటుంది, అందులో ‘బోర్డర్’ ట్యాబ్. ముందు ఎడమవైపు గీత రకం, ఆ తర్వాత రంగు, చివరికి ‘ఔట్‌లైన్’, అంటే బయటి చట్రం. ఈ వరస తప్పితే పని జరగదు. ఔట్‌లైన్ ముందు నొక్కి, తర్వాత లావు గీత ఎంచుకుని ఓకే కొట్టేస్తే పాత సన్న గీతే మిగులుతుంది. “చేశాను కదా” అని మనమూ, “ఏదీ” అని వాళ్లూ.

ఆల్ట్, హెచ్, బి, టి అని ఒకదాని తర్వాత ఒకటి నొక్కితే లావు చట్రం ఒక్క క్షణంలో పడుతుంది. అది ఇంగ్లిష్ మెనూలో మాట. జర్మన్ మెనూ ఉన్న కంప్యూటర్ మీద ఆ అక్షరాలు మారిపోతాయి, వేళ్లకున్న అలవాటు ఎందుకూ పనికిరాదు. కంట్రోల్, 1 మాత్రం అక్కడా పనిచేస్తుంది. భాష రాని మెనూలో అదే దిక్కు.

ఎక్సెల్‌లో నిండు గీతకి సన్నం, మధ్యరకం, లావు అని మూడే మందాలు చాలామంది వాడేవి. ఇన్ని పాయింట్లు కావాలని అంకె వేసే చోటు లేదు. ఇంకా లావు కావాలంటే పట్టిక అడుగున ఒక వరస చొప్పించి, ఎత్తు 3 పెట్టి, నల్లరంగు నింపడమే. ఆ వరస పట్టిక మధ్యలో మాత్రం వద్దు, సార్టింగూ ఫిల్టరూ చెడతాయి. ఎక్సెల్ లాంటిదే అయిన ఉచిత ప్రోగ్రాం లిబర్‌ఆఫీస్ కాల్క్‌లో మందం పాయింట్లలో ఇవ్వొచ్చు కానీ, ఫైలును ఎక్సెల్ రూపంలో దాచగానే అది మళ్లీ ఎక్సెల్ మందాల్లోకే దిగుతుంది. గూగుల్ షీట్స్‌లోనూ ముందు గీత రకం, తర్వాతే చోటు.

గీసిన గీత మాయమైందంటే పక్క గడిని చూడండి. పై గడి అడుగు గీతా, కింది గడి తల గీతా ఒకే చోట పడతాయి, చివర వేసినదే నిలుస్తుంది. కింది వరసకి ఎవరైనా ‘నో బోర్డర్’ కొడితే పైన మనం వేసిన లావు గీత కూడా పోతుంది. మాట మాత్రం మనకే వస్తుంది.

ఫార్ములాని కిందికి లాగితే లావు గీత కూడా ప్రతి వరసకీ వెంటపడుతుంది. లాగాక మూల వచ్చే చిన్న గుర్తు నొక్కి ‘ఫిల్ వితౌట్ ఫార్మాటింగ్’ ఎంచుకోండి. అతికించేటప్పుడైతే పేస్ట్ స్పెషల్‌లో ‘ఆల్ ఎక్సెప్ట్ బోర్డర్స్’. కండిషనల్ ఫార్మాటింగ్‌లో (షరతును బట్టి గడి రూపు మార్చేది) లావు గీత ఇవ్వనే ఇవ్వరు, అక్కడ రంగు నింపుకోవడమే.

పంపేముందు ప్రింట్ ప్రివ్యూ చూడాలి. తెరని చిన్నది చేసి చూస్తే సన్నానికీ లావుకీ తేడా తెలియదు.

ఇక లోపలి గీతలు. వాటిని మొత్తం తీసేయమనేవాళ్లున్నారు, అంత దూరం అక్కర్లేదు. ‘బోర్డర్’ ట్యాబ్ గీత రకాల్లో ‘నన్’ కింద ఉన్న అతి సన్నని చుక్కల గీత ఎంచుకుని, లేత బూడిదరంగిచ్చి ‘ఇన్‌సైడ్’ నొక్కితే చాలు. లావు చట్రానికి అవి అడ్డం రావు. వాళ్లు లావు చేయమన్నారు గానీ, గీతలు వద్దని అనలేదు కదా.