58కే తీసుకుంటున్నాను, 60 దాకా ఆగను

ఈ సెప్టెంబరుతో నాకు 58 నిండాయి. అప్పటి నుంచి పీఎఫ్ పింఛను ఇప్పుడే తీసుకోవాలా, 60 దాకా ఆగాలా అని ఇంట్లోనూ ఆఫీసులోనూ ఒకటే చర్చ. ఉద్యోగంలో కొనసాగుతున్నా 58 నిండితే పింఛను తీసుకోవచ్చు. "రెండేళ్లు ఆగక్కా, ఏడాదికి 4 శాతం పెరుగుతుంది, చివరిదాకా వస్తుంది" అంటాడు మా స్టోర్స్‌లో పనిచేసే చిత్తూరు అబ్బాయి. బెంగళూరు పీణ్యలో ఇన్నేళ్లూ అకౌంట్స్ చూసినదాన్ని, లెక్క వేయకుండా ఎలా ఒప్పుకుంటాను?

జీతాన్ని సర్వీసు ఏళ్లతో గుణించి 70తో భాగిస్తే పింఛను వస్తుంది. మన జీతం ఎంతున్నా సాధారణంగా 15,000 మించి లెక్కలోకి రాదు. అదీ 2014 సెప్టెంబరు తర్వాతి సర్వీసుకే. అంతకు ముందరి దానికి పరిమితి 6,500. చాలామంది మొత్తం సర్వీసుకీ 15,000 వేసుకుని, తీరా ఆర్డర్ వచ్చాక బాధపడుతున్నారు. నేను 1999లో చేరాను. మొదటి 15 ఏళ్లకు 1,393 రూపాయలు, తర్వాతి 11 ఏళ్లకు 2,357. 20 ఏళ్ల సర్వీసు దాటినవాళ్లకు కలిపే రెండేళ్లతో సుమారు 4,000 అనుకుందాం.

ఏడాది ఆగితే నెలకు 160 ఎక్కువ వస్తుంది. అందుకోసం ఆ ఏడాది 48,000 వదులుకోవాలి. 160 చొప్పున అది తిరిగి రావడానికి 25 ఏళ్లు పడుతుంది. అప్పటికి నాకు 84! పింఛను 4,000 అయినా 7,000 అయినా ఈ 25 ఏళ్లు మారవు. పైగా దీనికి డీఏ లేదు. ధరలు పెరిగినా పింఛను అంతే.

పింఛను నిధికి చందా కడుతూ ఆగే వీలు కూడా ఉంది. అప్పుడు సర్వీసు కలిసి నెలకు మరో 214, మొత్తం 374 పెరుగుతుంది. ఇది కాస్త నయం. కానీ 58 తర్వాత నా పీఎఫ్‌లోకి రావాల్సిన నెలకు 1,250 మళ్లీ పింఛను నిధికి పోతుంది. అంటే ఏడాదికి ఈ 15,000, పింఛను 48,000 కలిపి 63,000 వదులుకున్నట్టు. పింఛను తీసుకుని, జీతంలోంచి అంత మొత్తం వీపీఎఫ్‌గా, అంటే పీఎఫ్‌లోకే నా ఇష్టంతో అదనంగా, కడితే? 2024-25కి ప్రకటించిన 8.25 శాతం లెక్కన 63,000 మీద ఏడాదికి 5,197 వడ్డీ. ఆగితే ఏడాదికి పెరిగేది 4,488. పైగా అసలు మన దగ్గరే ఉంటుంది. నేను ముందు పోతే పింఛనులో మా ఆయనకు వచ్చేది సగమే, పీఎఫ్ డబ్బు మాత్రం మొత్తం వస్తుంది. నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే.

హొసూరులో మా తమ్ముడి సంగతి వేరు. 53 ఏళ్లకే ఉద్యోగం పోయింది. 50 దాటాడు కాబట్టి తీసుకోవచ్చు, కానీ ఏడాదికి 4 చొప్పున 20 శాతం కోత, అదీ శాశ్వతంగా. అది మొదలయ్యాక ఎక్కడ ఉద్యోగం దొరికినా కొత్త సర్వీసు కలవదు. అందుకే "వెతకడం ఆపేంతవరకూ దాన్ని ముట్టుకోకు నాయనా" అని గట్టిగా చెప్పాను. ఇల్లు గడవని పరిస్థితి అయితే మాత్రం ఆగమని నేను ఎవరికీ చెప్పలేను.

వచ్చే వారం పింఛను దరఖాస్తు, ఫారం 10డి, ఇస్తున్నాను. మీరూ ఇవ్వబోతుంటే ఆధార్‌లోని పుట్టిన తేదీ, పీఎఫ్ రికార్డులోని తేదీ ఒకటేనా, పాత కంపెనీల సర్వీసు అంతా చేరిందా అన్నది ఇప్పుడే చూసుకోండి.