చేపకో రాడ్ కొనాలా?

సోమశిల జలాశయంలో జిలేబీ చేపలకి ప్రత్యేకమైన రాడ్ అక్కర్లేదు. 10–30 గ్రాముల ఎర విసరగల ఏడడుగుల మీడియం రాడ్ చాలు. ఒడ్డు పక్కన బెండు కట్టి పట్టేవాళ్లకి వెదురు కర్రే ఎక్కువ!

మైపాడు, కొత్తపట్నం సముద్రపు ఒడ్డున ఆ పప్పులుడకవు. అలల్లో ఎర నిలవాలంటే 80–120 గ్రాముల సీసం కట్టాలి. మీడియం రాడ్‌తో దాన్ని విసిరితే కొన విరగొచ్చు. సన్నలైను తెగితే సీసం పక్కవాడి తలకే. ఒడ్డు నుంచి అలల్లోకి విసిరే పన్నెండడుగుల సర్ఫ్ రాడ్ తీసుకుని, లైను చివర విసురు తట్టుకునే మందమైన లైను ముక్క (షాక్ లీడర్) ముడెయ్యండి.

కొర్రమీనుకైతే ఎరగా రబ్బరు కప్ప, గట్టి రాడ్, 30–40 పౌండ్ల బరువు ఆపే బ్రెయిడ్ (అల్లిన లైను). మెత్తటి రాడ్‌తో లాగితే గాలం ముల్లు దాని గట్టి దవడలో దిగదు, చేప తూటికాడల్లో దూరుతుంది. కప్ప మునగ్గానే కంగారుపడకండి. లైను బిగిశాకే రాడ్‌ని గట్టిగా వెనక్కి గుంజండి.

చేపని పైకెత్తేటప్పుడు రాడ్ నిట్టనిలువుగా పెట్టకండి, ఎంత ఖరీదుదైనా కొన పుటుక్కుమంటుంది.