ఎవరు చేసిన పాపం?

మొదట కాలి వేళ్లు తిమ్మిరెక్కాయి. రెండు వారాల ముందు విరేచనాలు, జ్వరం వచ్చి తగ్గాయి కదా, ఆ నీరసమే అనుకున్నాను. మూడో రోజుకి మెట్లెక్కలేకపోయాను, ఐదో రోజుకి చేతిలో గ్లాసు నిలవలేదు, ఆ రాత్రే ఐసీయూలో చేర్చారు. వెన్నులోంచి నీరు తీసి పరీక్షించి గిలియన్ బారే సిండ్రోమ్ అన్నారు. మనల్ని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే పొరపాటున మన నరాల మీద పడుతుందట. ఆ దాడిని తగ్గించడానికి ఐదు రోజులు ఇమ్యునోగ్లోబులిన్ అనే యాంటీబాడీల మందు ఎక్కించారు.

కదల్లేను గానీ మాటలన్నీ వినిపిస్తాయి. చూడ్డానికి వచ్చిన మా చర్చి సంఘం పెద్ద ఒకాయన మంచం పక్కన నిలబడి "ఒప్పుకోని పాపం ఏదైనా ఉందేమో చూసుకో అమ్మా" అన్నారు. రాత్రంతా చిన్నప్పటి నుంచి చేసిన తప్పులు వెతుక్కున్నాను, దేనికి ఇంత శిక్షో తెలియలేదు. కన్నీళ్లు చెవుల్లోకి కారుతున్నా తుడుచుకోడానికి చెయ్యి లేవలేదు.

పొద్దున అక్క వచ్చి తుడిచింది. ఆయనన్న మాట చెబితే అక్కకి కోపమొచ్చింది. బైబిల్లో పుట్టు గుడ్డివాణ్ణి చూసి యేసు శిష్యులూ ఇదే అడిగారు కదా అంది, వీడు పాపం చేశాడా, కన్నవాళ్లు చేశారా అని. ఇద్దరూ కాదన్నాడు యేసు (యోహాను 9వ అధ్యాయం). సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోతే, వాళ్లు మిగతావాళ్ల కంటే పాపులు కారనే చెప్పాడు. ఏ తప్పూ చేయకుండానే అన్నీ పోగొట్టుకున్న యోబు స్నేహితులు కూడా ఏడు రోజులు అతని పక్కన నేల మీద మౌనంగా కూర్చున్నంతసేపూ మంచివాళ్లే, నోరు విప్పి తప్పంతా అతనిదే అన్నాకే చెడ్డారు, చివర్లో దేవుడి కోపం వాళ్ల మీదే రగిలింది. మరి ఎందుకొచ్చింది అంటే అక్క దగ్గరా జవాబు లేదు. నా పాదాలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది, అంతే.

నాలుగో వారంలో కుడికాలి బొటనవేలు కదిలింది. చొక్కా గుండీ పెట్టుకోడానికి మూడు నెలలు, కర్ర లేకుండా నడవడానికి ఎనిమిది నెలలు పట్టింది.

ఫిజియోథెరపీ గదిలో ఏడేళ్ల పాప ఉండేది, బ్రెయిన్ ట్యూమర్. నేను బంతి పట్టుకోగలిగినప్పుడల్లా చప్పట్లు కొట్టేది. ఆ పాప కోసం వాళ్లమ్మ చేసిన ప్రార్థనల ముందు నావి ఎంత! నేను నడుస్తున్నాను, పాప లేదు. అందుకే దేవుడు చేసిన మేలు గురించి చర్చిలో సాక్ష్యం చెప్పమంటే నోరు రాదు. దేవుడు నన్ను ప్రేమించి బాగుచేశాడంటే, ఆ తల్లి వింటే ఏమనుకోవాలి? సిలువ మీద "నన్నెందుకు చెయ్యి విడిచితివి" అని కేక వేసిన యేసు ఆమె పక్కనే ఉన్నాడని నమ్ముతున్నాను, అంతకు మించి ఆమెకి చెప్పగలిగింది నా దగ్గరేమీ లేదు.

పోయిన ఆదివారం పాస్టర్ గారు మళ్లీ అడిగారు. బైబిల్లోని 88వ కీర్తన చదువుతానన్నాను, చీకటితోనే ముగిసే కీర్తన అది. ఆయన కాసేపు ఆగి "పూర్తిగా చదువమ్మా, ఆ తర్వాత ఏమీ చెప్పకపోయినా పర్లేదు" అన్నారు.